కాష్ దాటాకే అసలు ట్రిప్పు మొదలైంది

టర్కీలో డి400 రోడ్డు పట్టుకుని మధ్యధరా తీరం చూడటానికి వచ్చేవాళ్లలో చాలామంది కాష్ దాకా ఆగుతూ ఆగుతూ వచ్చి, అక్కణ్ణించి అంటాల్యా ఎయిర్‌పోర్టుకు ఒక్క పూటలో లాగించేస్తారు. దాదాపు 190 కిలోమీటర్లు, రోడ్డు బాగుంటుంది, ఇంకేం కావాలి. మేం మాత్రం చివరి రోజులన్నీ ఆ ముక్కకే పెట్టాం. నన్నడిగితే సరుకంతా అక్కడే ఉంది. కాష్‌కు ముందొచ్చే కాపుతాష్ బీచ్ బాగోలేదని అనను గానీ, ఫోటోల్లో ఏ నీలం చూశామో వెళ్లినా అదే నీలం, పైగా ఏప్రిల్ నీళ్లు, మోకాళ్ల దాకా దిగేసరికే మా ఆయనకు పళ్లు టకటకలాడాయి.

కాష్ నుంచి రోడ్డు కొండెక్కుతుంది. ఎదురుగా సముద్రంలో మెయిస్ దీవి, అది గ్రీస్‌ది, టర్కీ ఒడ్డుకు రెండు కిలోమీటర్లే. కాసేపు లోపలికి తిరిగి మళ్లీ కిందికి దిగుతుంటే ఒక మలుపు దగ్గర మైదానమంతా తెల్లగా తళతళలాడింది. "అక్కా, సముద్రం వచ్చేసింది" అన్నాడు తమ్ముడు. సముద్రం దాని అవతల ఉంది. ఇవతల ఉన్నవన్నీ గ్రీన్‌హౌస్‌లు. దెమ్రే ఊరు.

మాది మదనపల్లె పక్క పల్లె. నాన్న చాలా ఏళ్లు టమోటా పెట్టాడు, మండీలో రేటు పడిపోయి లారీ బాడుగ కూడా రాని రోజులు ఇంట్లో అందరం చూసినవాళ్లమే. అలాంటిది ఊరి నడిబొడ్డులో, ఇళ్ల మధ్య, బడి పక్కన, ఎక్కడ పడితే అక్కడ టమోటా కనిపిస్తుంటే కారు ఆపకుండా ఎలా పోతాం? రోడ్డు పక్కన కాయలమ్ముతున్న పెద్దాయన్ని ఫోన్లో అనువాదం పెట్టుకుని అడిగితే లోపలికి రమ్మన్నాడు. మన దగ్గర కట్టెలు పాతి దారం లాగి కడతాం కదా, ఇక్కడ పైన తీగ వేసి ఒక్కో మొక్కనూ దారంతో నిలువుగా వేలాడదీశారు, నా తల కంటే ఎత్తుకు పోయాయి. ఒక మూల చిన్న అట్టపెట్టె, దానికో కన్నం, అందులోంచి బొద్దుగా బొచ్చుగా ఉన్న ఈగలు వచ్చి పోతున్నాయి, తేనెటీగలకు చుట్టాలైన బంబుల్ బీలు. లోపల గాలి ఆడదు కాబట్టి పూత రాలకుండా కాయ కట్టాలంటే ఆ పువ్వుని ఎవరో ఒకరు వణికించాలి, ఆ పని ఈ ఈగలు చేస్తాయి, పెట్టెలకు పెట్టెలు కొనుక్కొచ్చి పెడతారట. నాన్నకు వీడియో కాల్ చేస్తే ఈగల్ని చూడనే లేదు, "కాయ గట్టిగా ఉందా? బాక్సు ఎంత పలుకుతోంది?" అని రెండే ప్రశ్నలు. పెద్దాయన రేటు మాటెత్తగానే చెయ్యి గాల్లో తిప్పాడు. నాన్నకు అర్థమైపోయింది.

తమాషా ఏంటంటే ఈ టమోటాల కింద ఇంకో ఊరుంది. పూర్వం ఈ తీరాన్ని లైసియా అనేవాళ్లు, ఆ లైసియా వాళ్ల పెద్ద పట్టణాల్లో ఒకటైన మైరా ఇదే. ఏరు మోసుకొచ్చిన ఒండ్రు మేటలు వేసి ఊరిని కప్పేసింది, బయటికి కనిపించేది రోమన్ల కాలపు థియేటరు, కొండకు తొలిచిన సమాధులు. ఆ సమాధుల్ని కాస్త దగ్గరగా చూడండి. రాతిలో దూలాలు చెక్కారు, దూలాల చివర్లు గోడలోంచి బయటికి పొడుచుకొచ్చినట్టు గుండ్రంగా చెక్కారు, తలుపు చట్రాలు కూడా చెక్కారు. అంటే అప్పటి కొయ్య ఇళ్లు ఎలా ఉండేవో అచ్చం అలాగే రాతిలో. ఆ ఇళ్లు ఒక్కటీ మిగల్లేదు, నకళ్లు మాత్రం 2300 ఏళ్లుగా అలాగే ఉన్నాయి. సెయింట్ నికోలస్ చర్చి కూడా ఈ ఊళ్లోనే, అదే మన క్రిస్మస్ తాత. అదీ ఒండ్రులో కూరుకుపోయిందే, ఇప్పుడు మెట్లు దిగి వెళ్లాలి. ఆయన ఎముకల్ని 1087లో ఇటలీ నావికులు ఎత్తుకుపోయి బారీలో పెట్టుకున్నారు. టూరిస్టు బస్సులు ఈ రెండింటి దగ్గర ఆగుతాయి గానీ టమోటాల వైపు ఎవరూ చూడరు.

దెమ్రే నుంచి ఫినికే దాకా రోడ్డు సముద్రానికీ కొండకీ మధ్య ఇరుక్కుని పోతుంది. మలుపు వెనక మలుపు, ఒకవైపు రాయి, ఒకవైపు నీళ్లు. "బావా, కొంచెం మెల్లగా" అని వెనక సీట్లోంచి తమ్ముడు జపం, ముందు సీట్లో నాకు టెన్షన్. ఫినికేలో కిటికీ దించితే నారింజ పూత వాసన కారంతా నిండిపోయింది. జ్యూసు తాగి కదిలాం.

సాయంత్రానికి చిరాలి చేరాం. (తమ్ముడు చివరిదాకా చీరాల అనే పిలిచాడు.) ఊరి వెనక కొండ మీద యనర్తాష్. చీకటి పడ్డాక టార్చి వేసుకుని రాతి మెట్లెక్కాలి, ఆయాసం తప్పదు. పైన రాతి పగుళ్లలోంచి మంటలు వస్తుంటాయి, భూమిలోంచి వచ్చే మీథేన్ వాయువు వేల ఏళ్లుగా మండుతూనే ఉంది. గ్రీకుల కథల్లో నిప్పులు కక్కే కిమేరా అనే మృగం ఇదేనంటారు. మేం వెళ్లేసరికి ఒక కుటుంబం ఆ మంట మీద టీ కాచుకుంటోంది. హిమాచల్‌లో ఇలాగే నేలలోంచి మంటలొచ్చే జ్వాలాముఖి గుడి చూసొచ్చిన మా ఆయన "మనవాళ్లయితే ఇక్కడ హుండీ పెట్టేసేవాళ్లు" అన్నాడు. నిజమే మరి, పక్కనే గ్రీకుల అగ్నిదేవుడు హెఫయిస్టస్ గుడి శిథిలాలున్నాయి, అంటే వాళ్లూ తక్కువ తినలేదు.

మర్నాడు ఫాసెలిస్. మూడు రేవుల పాత పట్టణం, అలెగ్జాండర్ పర్షియా మీదికి పోతూ ఇక్కడా మకాం వేశాడు. పైన్ చెట్ల నీడలో రాతి వీధి, రెండు చివర్లా సముద్రం. వెనక 2365 మీటర్ల తహ్తాలి కొండ మీద ఇంకా మంచు. అంటాల్యా మాకు పెద్దగా పట్టలేదు, రోమన్ల కాలపు హేడ్రియన్ గేటు చూసి, ట్రాఫిక్‌ను తిట్టుకుని బయటపడ్డాం. కారు వెనక్కిచ్చేచోట తలుపు మీద గీతకు డబ్బు కట్టమన్నారు, కారు తీసుకున్నరోజు తీసిన వీడియో చూపిస్తే నోరు మూసుకున్నారు. అద్దె కారు ఏ దేశంలో తీసుకున్నా ముందు చుట్టూ తిరిగి వీడియో తీసుకోండి.

వెళ్లేవాళ్లు చివరి రాత్రి అంటాల్యాలో హోటల్ తీసుకోకండి, చిరాలిలోనే ఉండి పొద్దున ఫాసెలిస్ చూసుకుని వెళ్లినా సాయంత్రం ఫ్లైటు దర్జాగా అందుతుంది. ఈత కావాలంటే మాత్రం ఏప్రిల్ వద్దు, ఇంకాస్త ఆగండి. ఎండాకాలంలో చిరాలి బీచ్‌కి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, అప్పుడు రాత్రిపూట ఒడ్డున టార్చి వెయ్యకూడదు.