36వ వారంలో ఒక పాజిటివ్

అప్పుడు డాలస్‌లో ఉన్నాం. ప్రెగ్నెన్సీ 36వ వారం చెకప్‌లో నర్సు పొడుగాటి దూదిపుల్ల ఒకటి చేతికిచ్చి, బాత్రూంలోకి వెళ్లి శాంపిల్ నువ్వే తీసుకురా అంది. రెండు రోజులకి ఫోన్‌లో రిపోర్టు, ఎర్ర అక్షరాలతో: గ్రూప్ బి స్ట్రెప్, పాజిటివ్. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర లేదు. సాయానికని వచ్చిన అమ్మేమో "బయటి తిండి తింటే ఇంతే" అని మొదలుపెట్టింది.

తీరా చూస్తే ఇది జబ్బే కాదు. అక్కడి గర్భిణుల్లో దాదాపు నలుగురిలో ఒకరికి ఈ బ్యాక్టీరియా పేగుల్లోనో యోనిలోనో ఊరికే ఉంటుంది, తిండికీ శుభ్రతకీ సంబంధం లేదు. తల్లికి మూత్రంలోనో, కాన్పయ్యాక గర్భసంచిలోనో ఇన్ఫెక్షన్ రావచ్చు. అసలు భయం బిడ్డ గురించే. మందు ఇవ్వకపోతే ఇలాంటి తల్లుల బిడ్డల్లో నూటికి ఒకరిద్దరికి మొదటి వారంలోనే రక్తంలో ఇన్ఫెక్షనో, న్యుమోనియానో, ఒక్కోసారి మెదడు పొరల వాపో వస్తుంది.

ఇప్పుడే మాత్రలు మింగేస్తే పోదా అని అడిగా. పోయినా నొప్పులొచ్చేలోపు మళ్లీ చేరిపోతుందట! అందుకే నొప్పులు మొదలయ్యాక నరానికి పెన్సిలిన్ పెడతారు, వీలైతే కాన్పుకి కనీసం 4 గంటల ముందు, ఆపైన పుట్టేదాకా 4 గంటలకోసారి. మొదటి డోసు ఎక్కుతుంటే చెయ్యంతా మండిపోయింది, నర్సు స్పీడు తగ్గించాక గానీ ఊపిరాడలేదు.

గుంటూరులో మా అక్కకి రెండు కాన్పుల్లోనూ ఈ పరీక్ష పేరే ఎవరూ ఎత్తలేదు. ఇండియాలో దీన్ని అందరికీ చేయరు, కాబట్టి డాక్టర్ని మనమే అడగాలి.