ఏ ట్యాంకు, ఏ రోజున?

ఆరేళ్ల కిందట నేను పూర్తిచేసిన ప్యాటన్ ట్యాంకు నమూనా పీఠం మీద ‘ఖేమ్‌కరణ్, సెప్టెంబరు 1965’ అని రాసిన చిన్న పలక ఒకటి ఉండేది. మొన్న వేసవిలో ఆ పలకను ఊడదీసి, నమూనాను మాత్రం గాజు బీరువాలో అదే చోట ఉంచాను. పనితనం వరకు చూస్తే ఆ నమూనా బాగానే కుదిరింది. అతుకులు కనిపించవు, రంగు ఎక్కడా గడ్డకట్టలేదు, ట్రాకులు (చక్రాల చుట్టూ తిరిగే ఉక్కు పట్టీలు) చక్రాల మీద నిజమైన ఉక్కు బరువుతో వాలినట్లే ఉన్నాయి. అయితే అది 1965 భారత్-పాక్ యుద్ధంలో పంజాబ్ సరిహద్దులోని ఖేమ్‌కరణ్ చెరకు తోటల్లోకి వచ్చిన పాకిస్తాన్ ట్యాంకు కాదు. 1965లో పాకిస్తాన్ సైన్యం వద్ద లేని రకాన్ని ఆ యుద్ధం పేరుతో ఇంటికి వచ్చిన వారందరికీ చూపించానని తెలిసినప్పుడు కలిగిన బాధ ఇంకా పోలేదు. ఆ పొరపాటు ఎలా జరిగిందో, దానివల్ల నేను నమూనాలు కట్టే పద్ధతి ఎలా మారిందో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నా దగ్గర ఉన్నవి ఎక్కువగా 1/35 స్కేలు ప్లాస్టిక్ కిట్లు. ఈ స్కేలు పుట్టుక తెలిసినప్పుడు నాకు ఎంతో ఆశ్చర్యం కలిగింది. జపాన్‌కు చెందిన తమియా సంస్థ 1960ల మొదట్లో మోటారుతో నడిచే ప్యాంథర్ ట్యాంకు కిట్‌ను రూపొందించినప్పుడు, లోపల బ్యాటరీలూ మోటారూ పట్టేంత వెడల్పుగా దాన్ని తయారుచేసింది. ఆ తరువాత లెక్క చూస్తే అది అసలు ట్యాంకులో సుమారు 35వ వంతుగా తేలింది. బ్యాటరీల కోసం కుదిరిన ఆ కొలతనే తక్కిన సంస్థలు కూడా అనుసరించాయి, ఇప్పుడు ప్రపంచమంతటా ట్యాంకు నమూనాలకు అదే ప్రధానమైన స్కేలు. ఈ స్కేలులో ఒక మిల్లీమీటరు తేడా అంటే అసలు ట్యాంకు మీద మూడున్నర సెంటీమీటర్ల తేడా. 2.62 మీటర్ల వెడల్పున్న షెర్మన్ అనే అమెరికన్ ట్యాంకు నా బల్ల మీద ఏడున్నర సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది కనుక, కొత్త పెట్టె తెరవగానే జిగురు సీసా కంటే ముందు నేను వెర్నియర్ కాలిపర్‌ను చేతిలోకి తీసుకుంటాను.

కొలతలు సరిపోయినంత మాత్రాన నమూనా చరిత్రకు సరిపోయినట్లు కాదన్న విషయం నాకు ప్యాటన్ నేర్పింది. 1954 నాటి ఒప్పందం తరువాత అమెరికా సైనిక సహాయంలో భాగంగా పాకిస్తాన్‌కు ఎం47, ఎం48 రకాల ట్యాంకులు అందాయి. రెండింటికీ ప్యాటన్ అనే పేరే, రెండింటికీ 90 మి.మీ. గన్నే, ఒక్కో పక్కన ఆరేసి పెద్ద చక్రాలే. అందువల్ల యుద్ధం తరువాత మన నగరాల్లో కూడళ్ల వద్ద, కంటోన్మెంట్ల ముందు విజయచిహ్నాలుగా నిలబెట్టిన ట్యాంకులన్నిటినీ మనం ఒకే మాటతో పిలుస్తున్నాం. కాస్త దగ్గరగా నిలబడి చూస్తే మాత్రం ఇవి రెండూ అన్నదమ్ముల వంటివే తప్ప కవలలు కావు. ఎం47 ముందు భాగం పలకలు అతికినట్లు ఏటవాలుగా ఉంటుంది. అందులో డ్రైవరు పక్కన మరొక సైనికుడు కూర్చుంటాడు కాబట్టి ట్యాంకు ముఖానికి కుడివైపున అతని మెషీన్‌గన్ బయటకు కనబడుతుంది. ఎం48లో ఆ అయిదవ మనిషినే తీసివేశారు. దాని ముందు భాగం మొత్తం పోత పోసినది, పడవ ముక్కులా గుండ్రంగా ఉంటుంది; డ్రైవరు సరిగ్గా మధ్యన కూర్చుంటాడు. ట్రాకు పైభాగాన్ని మోసే చిన్న రోలర్లు ఎం47కు మూడు, ఎం48 తొలి రకాలకు అయిదు. ఎం48 తరువాతి రకాల్లో ఈ రోలర్లను మళ్లీ మూడుకు తగ్గించారు కాబట్టి, రోలర్లు లెక్కపెట్టి అంతటితో ఆగిపోవడం ప్రమాదం. ముందు ముఖం చూడాలి, ఆ తరువాతే రోలర్లు.

నేను కట్టినది ఎం48ఎ3. 1960లలో అమెరికా తన ప్యాటన్లను పెట్రోలు నుంచి డీజిల్ ఇంజనుకు మార్చినప్పుడు వచ్చిన రకం అది; వియత్నాం ఫొటోల్లో కనిపించేది ఎక్కువగా అదే. ఖేమ్‌కరణ్‌కు వచ్చినవి పెట్రోలు ప్యాటన్లు. డీజిల్ రకానికి వెనుక ఇంజను మూత ఆకారం వేరు, ట్రాకుల పైనున్న ఫెండర్ల మీద గాలిని శుభ్రపరిచే పెద్ద పెట్టెలు అదనంగా ఉంటాయి. నేను ఆ పెట్టెలను ఎంతో శ్రద్ధగా అతికించి, వాటి మీద దుమ్ము రంగును మూడు పొరలుగా వేశాను. ఆ యుద్ధంలో మన సైనికులు స్వాధీనం చేసుకున్న ఒక ప్యాటన్ ఫొటోను, నా నమూనా ఫొటోను ఒకే తెరపై పక్కపక్కన పెట్టినప్పుడు ముందుగా నా కంటికి తగిలినవి ఆ పెట్టెలే. అసలు ట్యాంకు ఫెండరు మీద ఆ చోట ఏమీ లేదు. కిట్‌లో ఏ లోపమూ లేదు, పెట్టె మీద ఎ3 అని స్పష్టంగానే రాసి ఉంది. ప్యాటన్ అన్న ఒక్క పేరు చూసి తొందరపడింది నేనే.

ఆనాటి నుంచి నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. ‘ప్యాటన్ కట్టాలి’, ‘టైగర్ కట్టాలి’ అని అనుకోవడం మానేశాను. ఏ దళానికి చెందిన ఏ ట్యాంకు, ఏ ప్రదేశంలో, ఏ రోజున అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకున్న తరువాతే స్ప్రూ (కిట్ ముక్కలు అతుక్కుని ఉండే ప్లాస్టిక్ చట్రం) నుంచి మొదటి ముక్కను కత్తిరిస్తున్నాను. ట్యాంకు అన్నది కర్మాగారం నుంచి బయటకు వచ్చిన రోజుతో నిలిచిపోయే వస్తువు కాదు. యుద్ధరంగంలో దాని చక్రాలు మారుతాయి, రంగు మారుతుంది, విరిగిన ఫెండరును తీసిపారేస్తారు, ఒక దళం నుంచి మరొక దళానికి వెళ్తే గుర్తులు మారుతాయి.

తేదీ ఎంత ముఖ్యమో జర్మన్ ట్యాంకుల రంగులు చక్కగా చూపిస్తాయి. 1940లో ఫ్రాన్సు మీదికి వెళ్లిన జర్మన్ ట్యాంకులన్నీ పూర్తిగా ముదురు బూడిద రంగులో ఉండేవని దశాబ్దాల పాటు అందరూ నమ్మారు. నమూనాలకు కూడా అదే రంగు వేశారు. అయితే జర్మన్ సైన్యపు ఉత్తర్వులను పరిశోధకులు వెలికితీసి చదివినప్పుడు, 1940 జూలై చివరి వరకు అమల్లో ఉన్నది రెండు రంగుల పద్ధతి అని తేలింది: మూడింట రెండు వంతులు ముదురు బూడిద, ఒక వంతు ముదురు గోధుమ. ఆ రెండు రంగులూ దాదాపు ఒకే స్థాయి ముదురువి కావడంతో నలుపు తెలుపు ఫొటోల్లో కలిసిపోయి ఒకే రంగులా కనబడ్డాయి. ఫొటో అబద్ధం చెప్పలేదు, కానీ అది చెప్పగలిగింది తక్కువ. కాగితం మీది ఉత్తర్వు లేకపోతే ఆ గోధుమ రంగు ఎప్పటికీ బయటపడేది కాదు. 1943 ఫిబ్రవరిలో మూల రంగును ముదురు పసుపుకు మార్చారు. అయస్కాంత మందుపాతరలు అంటుకోకుండా ట్యాంకు ఒంటికి పూసిన జిమ్మెరిట్ అనే గరుకు పూత 1943 ఆగస్టు ప్రాంతంలో మొదలై 1944 సెప్టెంబరులో ఆగిపోయింది. కనుక 1943 జూలైలో రష్యాలో జరిగిన కుర్స్క్ యుద్ధపు టైగర్ అనే జర్మన్ ట్యాంకుకు ఆ పూత పూయడం, ఎంత నేర్పుగా పూసినా, పొరపాటే. నేను ఆ పూత గల టైగర్లను ప్రదర్శనల్లో కుర్స్క్ పేరుతో చూశాను, ఎంతో అందంగా ఉన్నాయి. వాటిని కట్టినవారికి ఆ ఒక్క తేదీ తెలిసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

టైగర్ అనగానే ఇంగ్లండులోని బోవింగ్టన్ ట్యాంకు మ్యూజియంలో ఉన్న 131 నంబరు ట్యాంకు గుర్తుకు రాకుండా ఉండదు. 1943లో ట్యునీషియాలో బ్రిటిష్ సైన్యానికి చిక్కిన ఈ ట్యాంకును ఎన్నో ఏళ్లు మరమ్మతు చేసి 2003లో మళ్లీ నడిపించారు. నమూనాలు కట్టేవారికి దీనికంటే గొప్ప ఆధారం లేదు. ప్రతి బోల్టునూ కొలిచి ఫొటోలు తీశారు. అంత ప్రసిద్ధమైన ట్యాంకు ఏ రోజున, ఎక్కడ చిక్కిందన్న విషయంలో మ్యూజియమే చాలాకాలం పొరబడింది. ఏప్రిల్ 21న జెబెల్ జాఫా వద్ద పట్టుబడిందని చెబుతూ వచ్చారు. ఆ యుద్ధంలో పాల్గొన్న ఒక పదాతి సైనికుడి కుమారుడు మ్యూజియానికి వెళ్లి ఆ ట్యాంకును చూసి, తండ్రి చెప్పిన సంగతులతో దాని గాయాలు సరిపోలడం గమనించి పరిశోధన మొదలుపెట్టాడు. చివరకు అది ఏప్రిల్ 24న గెరియాత్ ఎల్ అతాచ్ అనే గుట్ట వద్ద పట్టుబడినట్లు నిర్ధారణ అయింది. మూడు రోజుల తేడా వల్ల నమూనాలో ఏం మారుతుందని కొందరు అడుగుతారు. పీఠం మీది నేల మారుతుంది, పక్కన నిలబెట్టే సైనికుల దళం మారుతుంది, దాని మీద రాసే పలక మారుతుంది. ఆ కొడుకుకు మాత్రం అది తన తండ్రి కథ. నేను ఈ పని ఎందుకు చేస్తున్నానని ఎవరైనా అడిగితే ముందుగా ఈ సంగతే చెబుతాను.

మ్యూజియంలో ఉన్న ట్యాంకును కూడా గుడ్డిగా నమ్మలేమని మన దేశంలో నాకు బాగా తెలిసింది. ఇప్పుడు అహిల్యానగర్‌గా పేరు మారిన అహ్మద్‌నగర్‌లో 1994లో ప్రారంభమైన కావల్రీ ట్యాంక్ మ్యూజియం ఉంది. అక్కడ ఒక పూట గడపాలని వెళ్లి రెండు రోజులు ఉండిపోయాను. ఆకారాలు, అతుకులు, పోత గరుకుదనం, రబ్బరు చక్రాల అంచుల మందం వంటివి తెలుసుకోవడానికి దాన్ని మించిన చోటు మన దేశంలో లేదు. రంగుల విషయంలో మాత్రం ఆరుబయట నిలిపిన ఏ ట్యాంకునూ సాక్ష్యంగా తీసుకోకూడదు. ఎండకూ వానకూ పాడవకుండా వాటికి ఎప్పటికప్పుడు కొత్త రంగు వేస్తూ ఉంటారు. అది సంరక్షణ కోసం చేసే మంచి పనే. ఆ రంగులో 1965ను వెతకడమే తప్పు.

అన్నట్టు, మా బంధువుల్లో చాలామంది ‘మన మెదక్ ట్యాంకు ఎందుకు పెట్టలేదు’ అని అడుగుతుంటారు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో తయారయ్యే బీఎంపీ-2 ‘శరత్’ను వారు ఉద్దేశించేది. దానికి ట్రాకులూ, గన్‌తో పాటు తిరిగే గోపురమైన టరెట్టూ ఉన్నా అది సైనికులను లోపల కూర్చోబెట్టుకుని యుద్ధరంగానికి తీసుకువెళ్లే వాహనం, దాని ప్రధాన గన్ 30 మి.మీ.ది మాత్రమే. ట్యాంకు కాకపోయినా మన నేల మీద పుట్టినది కాబట్టి దాని కోసం బీరువా కింది అరలో చోటు ఉంచాను.

ప్రస్తుతం నా బల్ల మీద ఉన్నది షెర్మన్. 1965 సెప్టెంబరు 8 నుంచి 10 వరకు ఖేమ్‌కరణ్ దగ్గరి అసల్ ఉత్తర్ వద్ద మన వైపున మూడు రకాల ట్యాంకులు పోరాడాయి: 3 కావల్రీ రెజిమెంటు వద్ద సెంచూరియన్లు, 8 కావల్రీ వద్ద తేలికపాటి ఎ.ఎం.ఎక్స్-13లు, దక్కన్ హార్స్ వద్ద షెర్మన్లు. భారత సైన్యం లెక్క ప్రకారం ఆ యుద్ధంలో పాకిస్తాన్ 97 ట్యాంకులను కోల్పోయింది. స్వాధీనమైన వాటిని ఒకచోట చేర్చిన భిఖీవిండ్‌కు ప్యాటన్ నగర్ అనే పేరు వచ్చింది. సెంచూరియన్ల గురించి, జీపు మీది గన్‌తో ప్యాటన్లను ధ్వంసం చేసి ప్రాణాలర్పించిన అబ్దుల్ హమీద్ గురించి చాలామందికి తెలుసు. దక్కన్ హార్స్ షెర్మన్ల గురించి మన తెలుగువారిలోనే తెలిసినవారు తక్కువ. నిజాం నాటి హైదరాబాద్ కాంటింజెంట్ అశ్వదళాల నుంచి వచ్చిన రెండు రెజిమెంట్లు 1921లో కలిసి ఆ దళం ఏర్పడింది. అసల్ ఉత్తర్‌లో దానికి నాయకత్వం వహించి మహావీర్ చక్ర పొందిన ఎ.ఎస్. వైద్య తరువాత భారత సైన్యాధిపతి అయ్యారు.

షెర్మన్ కట్టడం ప్యాటన్ కంటే కష్టం, ఎందుకంటే షెర్మన్ అన్నది ఒక ట్యాంకు పేరు కంటే ఒక కుటుంబం పేరు. ఎం4ఎ1 ఒళ్లంతా పోత, అంచులు గుండ్రం. తక్కినవాటికి పలకలు అతికిన మూలలుంటాయి. ఎం4ఎ4లో అయిదు కారు ఇంజన్లను ఒకటిగా కలిపి 30 సిలిండర్ల ఇంజనును అమర్చారు, దానికి చోటు చాలక ట్యాంకును సుమారు 28 సెంటీమీటర్లు సాగదీశారు. నా బల్ల మీద అది ఎనిమిది మిల్లీమీటర్లు. చక్రాల జతల మధ్య ఖాళీ చూసి ఇట్టే గుర్తుపట్టవచ్చు. వీటికి తోడు మన సైన్యం కొన్ని షెర్మన్లకు పాత గన్ తీసివేసి, ఎ.ఎం.ఎక్స్-13లో వాడే 75 మి.మీ. ఫ్రెంచి గన్‌ను అమర్చుకుంది. కిట్ పెట్టెలో ఆ గొట్టం రాదు కాబట్టి ఇత్తడి గొట్టాన్ని చెక్కి నేనే తయారుచేస్తున్నాను. కింది భాగం, చక్రాలు, ట్రాకులు పూర్తయ్యాయి, మూల రంగు ఆరింది. టరెట్ పక్కన దళం గుర్తు రావలసిన చోటును మాత్రం సన్నటి టేపుతో మూసి ఉంచాను. ఆ మూడు రోజుల్లో తీసినట్లు తేదీ వేసి ఉన్న ఫొటో నా చేతికి వచ్చిన రోజున ఆ టేపు తీస్తాను.