మొదటి మాట

ఈ గుడ్ ఫ్రైడేకి సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో మొదటిది ప్రసంగించమని నాకిచ్చారు. "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము."

ఆ వారంలోనే మా అక్క కూతురు, తొమ్మిదో తరగతి, నాజీల పాఠం చదువుతూ అడిగింది, "అరవై లక్షల మంది యూదులను ఎందుకు చంపారు పిన్నీ?"

నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. చిన్నప్పుడు సండేస్కూల్లో విన్నదే నోట్లోంచి వచ్చేసింది. "యేసును విచారించిన రోమా గవర్నరు పిలాతు ముందు వాళ్ళే అన్నారు కదమ్మా, ఆయన రక్తం మా మీదా మా పిల్లల మీదా ఉండనీ అని. మత్తయి 27:25."

కాసేపు ఊరుకుంది. తర్వాత, "మరి ఆయన క్షమించమన్నాడుగా. గుంపు అరిచింది దేవుడు విన్నాడు, కొడుకు అడిగింది వినలేదా?"

ఈనె చేతిలోనే ఉండిపోయింది.

పిలాతు ముందు నిలబడ్డది ఒక గుంపు, జాతి మొత్తం కాదు. సిలువ రోమా వాళ్ళ శిక్ష. యేసు, మరియ, పేతురు అందరూ యూదులే. తండ్రి దోషం కొడుకు మోయడని యెహెజ్కేలు 18లో దేవుడే అంటాడు. నాకు తెలియని వచనమేం కాదు, గుర్తు రాలేదంతే.

ఆ అరుపును శాపంగా చదువుకున్నది మన క్రైస్తవులే. 1096లో సిలువ గుర్తు కుట్టుకుని క్రూసేడు యుద్ధానికి బయల్దేరినవాళ్ళు జర్మనీలోని వార్మ్స్, మైన్జ్ పట్టణాల్లో యూదులను నరికేశారు. 1215లో రోములో జరిగిన క్యాథలిక్ లాటరన్ సభ, ఈస్టర్ ముందు మూడు రోజులూ యూదులు బయట కనపడకూడదని శాసించింది. అంటే మనం గుడికెళ్ళే ఈ శుక్రవారం వాళ్ళు తలుపులేసుకుని కూర్చోవాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మా సంఘానికి పేరిచ్చిన మార్టిన్ లూథర్. మాది గుంటూరు లూథరన్ కుటుంబం. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చిన కథ మా ఇంట్లో అందరికీ కంఠతా. ఆ లూథరే 1543లో యూదుల సమాజమందిరాలు తగలబెట్టమని రాశాడని ఏ పెద్దవాళ్ళూ నాకు చెప్పలేదు. 1938 నవంబరు 9 రాత్రి జర్మనీలో అవి నిజంగానే తగలబడ్డాయి. తెల్లారితే లూథర్ పుట్టినరోజు. యేసును చంపిన నేరం యూదులందరి మీదా మోపకూడదని క్యాథలిక్కుల వాటికన్ సభ 1965లోనే తేల్చింది. అమెరికా లూథరన్లు 1994లో లూథర్ రాతలను తోసిపుచ్చారు. నేనింకా పాత పాటే పాడుతున్నాను.

శుక్రవారం పుల్పిట్ ఎక్కి నోట్సు విప్పితే, 'వీరిని' కింద పెన్సిల్ గీత. పక్కన పిల్ల చేతిరాత: "ఎవరిని?"

రోమా సైనికుల దగ్గర మొదలుపెట్టాను. లూథర్ దాకా వచ్చేసరికి టైమ్ అయిపోయిందని సంఘపెద్ద వాచీ చూపించారు.