126లోకి 135 పట్టించిన కథ

పాత స్టీల్ రోడ్ సైకిల్ ఫ్రేమ్ ఒకటి మూలన పడి ఉంటే, దానికి మౌంటెన్ బైక్ వెనక హబ్‌తో (చక్రం మధ్యలో ఇరుసు ఉండే భాగం) అల్లిన చక్రం వేద్దామనిపించింది. కొలిస్తే ఫ్రేమ్ వెనక చక్రం పట్టే సందు 126 మి.మీ., హబ్ 135. అంటే 9 మి.మీ. తేడా, ఒక్కో వైపు నాలుగున్నర. 130 ఫ్రేమ్ అయితే చేత్తో కాస్త సాగదీసి చక్రం దూర్చేయొచ్చు, ఇది మాత్రం వంచక తప్పదు.

స్టీల్ కాబట్టే ధైర్యం చేశాను. అల్యూమినియం, కార్బన్ ఫ్రేముల జోలికి మాత్రం వెళ్లకండి, పగులుతాయి.

చెక్క దుంగ సందులో పెట్టి ఒక్కో వైపు విడిగా నొక్కాను. స్టీల్ మళ్లీ వెనక్కి లాగేస్తుంది కదా, అందుకని కావాల్సిన దానికంటే ఎక్కువ వంచాలి, వదిలేసి కొలవాలి, మళ్లీ వంచాలి. మధ్యలో ఓ చిన్న టక్కు శబ్దం వచ్చింది, ప్రాణం పోయినంత పనైంది (పెయింట్ అంతే!). రెండు వైపులా సమానంగా వంగిందో లేదో చూడ్డానికి ఒక డ్రాపౌట్ (ఇరుసు కూర్చునే గాడి) నుంచి దారం కట్టి, ముందు హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ దిగే గొట్టం) చుట్టి, రెండో డ్రాపౌట్‌కి లాగి, సీట్ ట్యూబ్‌కి అటూ ఇటూ దూరం కొలిచాను. ఒక మి.మీ. తేడా ఉంటే సరిచేశాను.

ఆఖర్న డ్రాపౌట్లు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా లేవని తేలింది. అది మర్చిపోతే ఇరుసు మీద వంపు భారం పడుతుంది, గేర్లూ సరిగ్గా మారవు. వాటిని సరిచేసే పనిముట్టు నా దగ్గర లేదు, షాపులో చేయించాను.