బాకీల పుస్తకం తెరిచి కూర్చుందాం

మన బడిలో చదివినవాళ్ళు ఇప్పుడు ఎన్ని పనుల్లో ఉన్నారు! తాడిపత్రిలో బండల పాలిష్, రాయదుర్గంలో జీన్స్ కుట్టు, అనంతపురం చుట్టుపక్కల వేరుశనగ మిల్లులు, ప్రింటింగు, ఆడిటింగు. ఒకే బెంచీ మీద లెక్కలు నేర్చుకున్నవాళ్ళం, ఇవాళ మన వ్యాపార లెక్కలు ఒకరికొకరం చూపించుకోం. చూపించుకోవాలని అడగడానికే ఇది రాస్తున్నాను.

ఆర్డర్లు నిండుగా ఉన్నా యూనిట్లు ఆగిపోతుంటాయి. సరుకు వెళ్ళింది, డబ్బు రాలేదు. నలుగురు వ్యాపారుల పొత్తు మొదట అక్కరకొచ్చేది ఇక్కడే. ఏ పార్టీ ఎన్నాళ్ళకు డబ్బు కడుతుందో బ్యాంకు కన్నా ముందు తోటివాళ్ళకు తెలుస్తుంది. చట్టం సంగతీ వాళ్ళ దగ్గరే తెలుస్తుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్లకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు ప్రభుత్వ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు.

అయితే దీనికి ముందు జాగ్రత్తలున్నాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) సరుకు పంపకముందే ఉండాలి, తర్వాత తీసుకుంటే పాత బిల్లుల దగ్గర చిక్కొస్తుంది. రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్, వర్తించేవారికి జీఎస్టీ నంబరు చాలు. ఏజెంటుకు వేలు పోయనక్కర్లేదు. సరుకు దించిన రోజే చలానా మీద సంతకం, తేదీ వేయించుకోండి. కొన్నవారు 15 రోజుల్లో రాసి అభ్యంతరం చెప్పకపోతే, దించిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. కొని అమ్మే వ్యాపారులకు మాత్రం ఉద్యమ్ ఉన్నా ఈ రక్షణ లేదు, బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం వరకే.

ఫిర్యాదు చేస్తే పార్టీ చేజారుతుందన్న భయం న్యాయమైనదే. కొనేది పెద్ద కంపెనీ అయితే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదిక మీద బిల్లు పెట్టి, బ్యాంకుల్లాంటి ఫైనాన్షియర్ల దగ్గర ముందే డబ్బు తీసుకోవచ్చు. ఆ కంపెనీ కూడా అందులో చేరి, బిల్లును ఆమోదించాలి. తర్వాత కంపెనీ కట్టకపోయినా ఫైనాన్షియర్ మన మీదికి రాకూడదు.

ఇక వ్యాపారులు ఒకరికొకరు గిరాకీ చూపించుకునే క్లబ్బులు. బీఎన్ఐ లాంటి చోట ఒక శాఖలో ఒక వృత్తికి ఒక్కరే, వారం వారం హాజరు కావాలి. ఊళ్ళోనే గిరాకీ ఉన్న ఆడిటర్‌కు, ప్రింటర్‌కు, ఇంటీరియర్ పనివారికి అది బాగా పనికొస్తుంది. సరుకంతా బయటి రాష్ట్రాలకు పోయే బండల యూనిట్‌కు అంత ఫలితం కనిపించదు. వాళ్ళకు తమ రంగం సంఘమే మేలు. ఎక్కడ చేరినా అడగడం తెలియాలి. "ఎవరైనా కొనేవాళ్ళుంటే చెప్పండి" అంటే ఎవరికీ ఎవరూ గుర్తురారు. "బళ్ళారిలో అపార్ట్‌మెంట్లు కడుతున్న బిల్డరు కావాలి, 25 మిల్లీమీటర్ల పాలిష్ బండలు నెలకు రెండు లారీలు ఇవ్వగలను" అంటే ఒక పేరు తడుతుంది.

శిక్షణలు వ్యాపారం వయసును బట్టి ఎంచుకోవాలి. ఇప్పుడే మొదలుపెట్టే గ్రామీణ యువతకు ఆర్‌సెటీలో (బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) శిక్షణ ఉచితం, భోజనం వసతితో సహా. పదేళ్ళ యూనిట్‌కు అది సరిపోదు. పెద్ద కంపెనీలకు సరఫరా చేయాలనుకునేవారు నాణ్యతకు ప్రభుత్వం ఇచ్చే జెడ్ సర్టిఫికేషన్ చూడాలి, సూక్ష్మ యూనిట్లకు ఫీజులో 80 శాతం రాయితీ ఉంది. ఆహార యూనిట్లకు 2020లో వచ్చిన పీఎంఎఫ్ఎంఈ అనే కేంద్ర పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం రాయితీ, గరిష్ఠంగా 10 లక్షలు; ఒక జిల్లా ఒక ఉత్పత్తి కింద అనంతపురానికి వేరుశనగ, కర్నూలుకు ఉల్లి. గడువు, నిధులు ముందే కనుక్కోండి. ఇది రుణంతో ముడిపడ్డ రాయితీ. తొందరపడి సొంత డబ్బుతో మిషన్ కొన్నాక అడిగితే రాదు.

మన బడి వాళ్ళం ఎనిమిది మందిమి నెలకోసారి మూడు గంటలు కూర్చోవచ్చు. ఒకే సరుకు అమ్మే ఇద్దరు వద్దు, ధరలు దాచుకుంటారు. ప్రతివారూ ఒక్క కాగితం తేవాలి: తనకు రావలసిన బాకీల్లో 45 రోజుల లోపువి, 90 రోజుల లోపువి, ఆపైనవి, చేతిలో ఉన్న ఆర్డర్లు, ఉన్న డబ్బు ఎన్ని వారాల జీతాలకు సరిపోతుంది. నెలకు ఇద్దరి సమస్యలే, ఒక్కొక్కరికి ముప్పావు గంట. పోయిన నెల ఏం చేస్తామన్నారో అది చేశారా అన్న ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. విన్నది బయటికి పోకూడదు. ఆ ఎనిమిది మంది మధ్య చేబదుళ్ళు, చీటీలు అసలే వద్దు. ఒకరు కట్టలేకపోయిన నెల నుంచి కాగితాలు రావడం ఆగిపోతుంది.