తంగేడు పొద ముందు చేతులు కట్టుకొని

"చెట్టు మీది పూలు మనవి కావు కదమ్మా, నేను తెంపను" అంది మా తొమ్మిదేళ్ల బిడ్డ, నర్సంపేట దగ్గర పాకాల చెరువు తోవలో తంగేడు పొద ముందు చేతులు వెనక్కి కట్టుకొని. తెల్లారితే సద్దుల బతుకమ్మ. మా అమ్మ కొంగు ఒడి కట్టుకొని అప్పటికే సగం నింపింది. నాకు ఒళ్లు మండింది. సిడ్నీ నుంచి అన్ని డబ్బులు పోసి తీసుకొచ్చింది ఇందుకేనా?

తీరా ఆలోచిస్తే ఆ మాట నాదే. సిడ్నీలో ఆదివారం వస్తే పిల్లను ఏదో ఒక ట్రైల్‌కు, అంటే అడవిలో నడకబాటకు, లాక్కెళ్తాను. ఒలింపిక్ పార్క్ మడ అడవిలో చెక్కల బాట మీద నడుస్తూ, బురదలోంచి పుల్లల్లా లేచిన వేర్లు చూపించి "అవి ఊపిరి పీల్చే వేర్లు, ముట్టుకోకు" అంటాను. అక్కడ చుట్టుపక్కలంతా ఒకప్పుడు ఫ్యాక్టరీలు, చెత్తకుప్పలు. 2000 ఒలింపిక్స్ కోసం బాగుచేశారు. ఆ జాగ్రత్తకు అర్థముంది. కానీ తనకు ఆరేళ్లప్పుడు లేన్ కోవ్ అడవిలో ఒక గులకరాయి జేబులో వేసుకుందని, కారు దాకా వచ్చినదాన్ని మళ్లీ వెనక్కి నడిపించి పెట్టించాను. ఎంత మంచి తల్లినో అని ఆ రోజంతా మురిసిపోయాను.

నా బండారం కూడా తనకు తెలుసు. అక్కడ వాటిల్ అని మన తుమ్మ జాతి చెట్టు ఉంటుంది, పసుపుపచ్చటి బంతుల్లాంటి పూలు. దూరం నుంచి తంగేడే అనిపిస్తుంది. సిడ్నీలో బతుకమ్మ పేర్చాలంటే సూపర్ మార్కెట్ చామంతులే గతి. పోయినేడు ఎవరూ చూడట్లేదని ఒక రెమ్మ విరిచి బ్యాగులో దూర్చాను. వెనక నుంచి "అమ్మా!" అని వినపడింది. ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

ఇప్పుడేం చెప్పను? "ఇక్కడ పర్వాలేదు" అన్నాను. ఎందుకంది. "మన ఊరు కాబట్టి." అభయారణ్యం బోర్డు ఇంకా రాలేదులే అని లోపల సర్దిచెప్పుకున్నాను. "ఈ పూలు వేస్తే చెరువు శుభ్రమవుతుంది" అని వాట్సాప్‌లో చదివింది అప్పజెప్పాను. ఎట్లా అంది. ఎట్లానో నాకేం తెలుసు?

మా అమ్మే దగ్గరికి పిలిచింది. "కొమ్మ ఇరవద్దు బిడ్డా. పువ్వు గిల్లాలె. మొగ్గలు ఇడిచిపెట్టాలె, ఎన్కొచ్చేటోళ్లకు ఉండొద్దా?" అంటూ గోటితో కాడ దగ్గర గిల్లి చూపించింది. పొదకు సగం అట్లాగే ఉంచి ఇంకో పొదకు జరిగింది. చిన్నప్పుడు ఈమె వెంట ఎన్నిసార్లు పూలకు పోయానో. మొగ్గల సంగతి నా చెవిన ఎప్పుడైనా పడిందా? ఎవరి సంచి ముందు నిండుతుందన్న పందెమే గుర్తుంది. అప్పుడు నర్సంపేటలో ఇంటి వెనక బీడులోకి పోతే చాలు. ఇప్పుడక్కడ ప్లాట్ల హద్దురాళ్లు. ఆ బీడులో మేం మొగ్గలు వదిలామో లేదో, హద్దురాళ్లయితే వచ్చేశాయి.

పూలయ్యాక చెరువు కట్ట మీదికి పోయాం. గణపతిదేవుడి కాలంలో, 1213లో కట్టిన చెరువు, దాదాపు 30 చదరపు కిలోమీటర్లు అని గైడ్‌లా చెప్పుకొచ్చాను. "మనుషులు కట్టిందా? మరి మన మడ అడవి వెట్‌లాండ్‌లాగే ఉంది కదా" అని తను నీళ్లకేసి చాలాసేపు చూసింది. చుట్టూ అడవి, కింద ఈ నీళ్లతోనే పండే వరి. ముట్టుకోకుండా కాపాడింది కాదు కదా ఇదంతా అని నాకూ అప్పుడే తట్టింది. పైకి చెప్పలేదు. చెప్తే మరి సిడ్నీలో ఎందుకు వద్దన్నావంటుంది.

ఒక్క పువ్వూ తెంపలేదు. కానీ మర్నాడు గుమ్మడాకు మీద తంగేడు వరస మొత్తం తనే పేర్చింది, నన్ను చెయ్యి పెట్టనివ్వకుండా.

మొన్న లేన్ కోవ్‌లో ఒక వాటిల్‌కు చివరి పూలు నాలుగు మిగిలి ఉన్నాయి. కింద నిలబడి "అమ్మమ్మ లెక్కన దీనికి ఎన్ని ఉంచాలి?" అంది. ఇక్కడ అసలు ముట్టుకోవద్దన్నాను.

"మరి పోయినేడు నువ్వు?"

నేను ట్రైల్ మొదట్లో ఉన్న బోర్డు వైపు చెయ్యి చూపించాను.