చెవి మిషన్ వాళ్ల దగ్గర్నుంచి నా నంబరు విడిపించుకున్న వైనం

నిన్న సాయంత్రం ఈమెయిల్ వచ్చింది. "మీ వివరాలు మా రికార్డుల నుంచి తొలగించాము" అని ఒకే ఒక్క ముక్క. కింద ఎవరి పేరూ లేదు. ఆ ముక్క కోసం రెండున్నర నెలలు తిరిగాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారితే మర్యాదగా రాస్తాను, ఇప్పుడు మర్యాదగా రాయబుద్ధి కావడం లేదు.

మాది నల్లగొండ. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి, అందులో చివరి ఆరేళ్లు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. రెండేళ్ల నుంచి చెవులు మందగించాయి, కుడిది మరీను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా ఏదైనా అడిగితే నవ్వి ఊరుకునేవాణ్ని, లేదంటే "నోరు తెరిచి సరిగ్గా మాట్లాడు" అని గద్దించేవాణ్ని. హెడ్మాస్టరుగా చేసినవాడి గద్దింపును ఎవరూ అనుమానించరు.

ఒక రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్లో "చెవి మిషన్ ధర" అని వెతికాను. అన్నిటికంటే పైన ఉన్నదాన్ని నొక్కాను. దాని మీద చిన్న అక్షరాల్లో 'స్పాన్సర్డ్' అని ఉంటుందనీ, అంటే డబ్బు కట్టి పైకెక్కినదనీ నాకప్పుడు తెలియదు. ఉచితంగా వినికిడి పరీక్ష అన్నారు. పేరు, వయసు, ఫోన్ నంబరు, పిన్‌కోడ్ అడిగారు. కింద ఒక గడిలో టిక్కు వాళ్లే పెట్టి ఉంచారు. 508001 అని కొట్టి, సబ్మిట్ నొక్కి, నిశ్చింతగా పడుకున్నాను. అంతా కలిపి ఒక నిమిషం.

మర్నాటి నుంచి ఏది తెరిచినా చెవి మిషనే. పేపర్ చదువుదామంటే వార్త మధ్యలో చెవి, క్రికెట్ స్కోరు కింద చెవి, చివరికి పంచాంగం యాప్‌లో రాహుకాలం పక్కన కూడా చెవి. ఫోన్ వరకైతే నేనూ అదీ చూసుకునేవాళ్లం. ఆదివారం హైదరాబాద్ నుంచి మా అమ్మాయి వాళ్లు వచ్చారు. మనవరాలు టీవీలో బొమ్మల వీడియోలు పెట్టుకుంటే, ప్రతి వీడియోకు ముందు ఒక ముసలాయన చెవికి మిషన్ పెట్టుకుని మనవడి నవ్వు విని కన్నీళ్లు పెట్టుకుంటాడు. నాలుగోసారికి పిల్ల "అమ్మా, ఈ తాత మళ్ల వచ్చిండు" అంది. మా అమ్మాయి టీవీ వంక చూసి, నా వంక చూసింది. ఏమీ అనలేదు. మా ఆవిడ మాత్రం "అట్లనా సంగతి" అంది. అది నాకు స్పష్టంగా వినబడింది.

ఫోన్ మైకు మన మాటలు దొంగతనంగా వింటుందని ఎక్కడో విన్నాను, అదే అయి ఉంటుందని అల్లుడితో అన్నాను. "మైకెందుకు మామయ్యా, మీరే రాసిచ్చిండ్రు గదా" అన్నాడు, నా మొహం చూడకుండా. మనం ఒక సైటుకు వెళ్తే యాడ్ల కంపెనీ తాలూకు గుర్తు ఒకటి మన బ్రౌజర్లో పడి ఉంటుందట, దాన్నే కుకీ అంటారట. తర్వాత ఏ సైటుకు వెళ్లినా ఆ గుర్తు చూసి 'ఈయన చెవుల కోసం వెతికినాయన' అని పోల్చుకుంటారు. టీవీలో కూడా నా ఖాతాతోనే లాగిన్ అయి ఉంది కాబట్టి ఫోన్‌కి తెలిసింది టీవీకి కూడా తెలుస్తుంది. ఇన్‌కాగ్నిటోలో, అంటే చూసినవి ఫోన్లో మిగలని రహస్య కిటికీలో, వెతికి ఉంటే మా ఆవిడకు కనిపించేది కాదేమో గానీ, ఆ సైటువాడికి మాత్రం కనిపించేదే.

యాడ్లు ఆపడం తేలికే, ఒక పూట పని. గూగుల్ ఖాతాలో 'మై యాడ్ సెంటర్' ఉంటుంది, అందులో పర్సనలైజ్డ్ యాడ్స్, అంటే మన ఆరా తీసి మనకోసమే వేసే యాడ్లు, ఆఫ్ చేశాను. ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్, దాని కింద యాడ్స్, అందులో యాడ్ల వాళ్లు మన ఫోన్‌ను పోల్చుకునే గుర్తు, అడ్వర్టైజింగ్ ఐడీ, డిలీట్ చేశాను. క్రోమ్‌లో థర్డ్ పార్టీ కుకీలు, అంటే మనం వెళ్లిన సైటువి కాక బయటివాళ్లు పెట్టేవి, ఆపాను. నోటిఫికేషన్లకు నేనే ఎప్పుడో 'అలౌ' కొట్టిన సైట్లు పదకొండు తేలాయి, అన్నిటినీ పీకేశాను. యాడ్లు రావడం ఆగదు, వెంటపడటం ఆగుతుంది. ఇప్పుడు బోరు మోటార్లు, గోల్డ్ లోన్లు వస్తున్నాయి. వాటితో నాకు ఇబ్బంది లేదు.

ఆగనివి ఫోన్ కాల్స్. రోజుకు ఐదారు. నాకేమో ఫోన్లో మాట అసలే అంతంతమాత్రం కాబట్టి స్పీకర్ పెట్టడం అలవాటు. పెన్షనర్ల మీటింగులో డీఏ బకాయిల గురించి గంభీరంగా మాట్లాడుతుంటే ఫోన్ మోగింది, అలవాటు ప్రకారం స్పీకర్ నొక్కాను. "సార్, మీకు చెవుడు రెండు చెవులకా, ఒక చెవికా?" అని అమ్మాయి గొంతు హాలంతా వినబడింది. ఆరోజు నుంచి మా పాత డ్రిల్లు సారు నాతో సైగలతో మాట్లాడుతున్నాడు.

1909 నంబరుకు 'స్టార్ట్ 0' అని ఇంగ్లీషులో ఎస్సెమ్మెస్ పంపితే వ్యాపార కాల్స్ అన్నీ ఆపమని చెప్పినట్టు. పంపాను. అయినా వచ్చాయి. ఇలాంటి ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచి చేయాలని నియమం, వీళ్లు మామూలు పది అంకెల నంబర్ల నుంచి చేస్తున్నారు. టెలికాం కంపెనీలను అదుపు చేసే ట్రాయ్ వాళ్లకు అక్కర్లేని కాల్స్ మీద డీఎన్డీ అనే యాప్ ఉంది. ఆ యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు పెట్టాలి, నేను ఏడు నిమిషాల్లో పెట్టాను. వచ్చిన జవాబు ఏమిటంటే, వినియోగదారుడే సమ్మతి ఇచ్చారు అని. ఆ టిక్కు! వాడు పెట్టిన టిక్కుకు నేను ఇచ్చిన సమ్మతి!

సరే, కంపెనీకే ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అయ్యాక ఒకబ్బాయి వచ్చాడు. వాడు గడగడా ఏదో అడుగుతున్నాడు, నాకు సగం వినబడటం లేదు. వినబడటం లేదని చెవి మిషన్లు అమ్మేవాడితో ఎట్లా చెప్తాను? "ఆ... ఆ" అన్నాను. పెట్టేశాక మెసేజ్ వచ్చింది, శుక్రవారం పదకొండు గంటలకు మీ అపాయింట్‌మెంట్ ఖరారైంది అని.

సరే, శుక్రవారమే వెళ్లి తేల్చుకుందామనుకున్నాను. నేను ఉత్త చేతులతో వెళ్లే రకం కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మొత్తం, నలభై నాలుగు సెక్షన్లు, ప్రింటు తీయించి రెండు రాత్రులు చదివాను. ఎర్ర సిరాతో గీతలు పెట్టుకున్నాను. ఆరో సెక్షన్‌లో బంగారంలాంటి మాట ఉంది. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలి అని. నేను నిమిషంలో ఇచ్చాను. వాళ్లు నిమిషంలో తీసేయాలి. లెక్క సరిపోయింది కదా!

షోరూం అద్దాల గది, ఏసీ. సోఫాలో నలుగురైదుగురు ఉన్నారు. కౌంటర్లో అమ్మాయి ఏదో అంది. "ఆ?" అన్నాను. మళ్లీ అంది. "ఆ?" అన్నాను. మూడోసారి ఆ పిల్ల లేచి నిలబడి, చేతులు నోటి దగ్గర పెట్టుకుని, "ఎన్ని రోజుల నుంచి వినబడుతలేదు తాతా?" అని అరిచింది. తాతా! ఊళ్లో సగం మంది నన్ను సారూ అంటారు.

"నేను పరీక్షకు రాలేదమ్మా. నా నంబరు తీసేయమని చెప్పడానికి వచ్చాను."

"టెస్ట్ ఫ్రీనే తాతా, పైసల్ ఏం అడగం!"

మేనేజరు వచ్చాడు. బ్యాగులోంచి ప్రింటు తీసి ఆరో సెక్షన్ చదివి వినిపించాను. క్లాసులో చదివినట్టే నిలబడి చదివాను. ఈ చట్టం కింద జరిమానా 250 కోట్ల వరకు ఉంటుందని కూడా చెప్పాను. సోఫాలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ షోరూం మొత్తం అమ్మినా అంత రాదని నాకూ తెలుసు.

మేనేజరు నింపాదిగా అన్నాడు, "తీసేస్తం సార్. ఒక ఫారం నింపి, ఆధార్ జిరాక్స్ పెట్టండి."

"ఇచ్చేటప్పుడు ఆధార్ అడగలేదు. తీసేటప్పుడు ఎందుకు?"

"మీరు మీరే అని మాకెట్ల తెలుస్తది సార్?"

"రోజుకు ఆరుసార్లు ఫోన్ చేసి పేరు పెట్టి పిలుస్తున్నరు గదా, అప్పుడెట్ల తెలుస్తుంది?"

ఇక్కడితో ఆగిపోయి ఉంటే గెలిచి బయటికి వచ్చేవాణ్ని. సోఫాలో తల్లిని తీసుకొచ్చిన ఒక కుర్రాడు లేచి నా దగ్గరికి వచ్చాడు. "నమస్తే సార్. 2011 టెంత్ బ్యాచ్" అన్నాడు. ఆ తర్వాత నా పరువు కాపాడదామని మెల్లిగా చెవి దగ్గర ఏదో చెప్పాడు. కుడి చెవి దగ్గర. "ఏందిరా?" అన్నాను. మళ్లీ మెల్లిగానే చెప్పాడు. "గట్టిగా చెప్పు, భయమెందుకు?" అని గద్దించాను. పాపం, వాడు అలవాటు కొద్దీ చేతులు కట్టుకుని, క్లాసులో ఒప్పజెప్పినట్టు గట్టిగా చెప్పాడు: "సార్, ఆ సెక్షన్ ఇంకా అమల్లోకి రాలేదు సార్! రూల్స్ 2025 నవంబర్‌ల వచ్చినయి, గానీ దీనికి ఇంకో పద్దెనిమిది నెలల టైం ఇచ్చిండ్రు సార్!"

ఏసీ చప్పుడు కూడా వినబడిందంటే నమ్మండి. మేనేజరు వేళ్ల మీద లెక్కపెట్టి, "అంటే 2027 మే. అప్పుడు రండి సార్" అన్నాడు. లెక్కల సారు ముందు వేళ్ల మీద లెక్కపెట్టాడు!

బయటికొచ్చి గడియారం సెంటర్ దాకా ఎలా నడిచానో తెలియదు. బండి దగ్గర మిర్చి బజ్జీలు తీసుకున్నాను. పొట్లం విప్పితే అది ఎవరిదో ఆధార్ జిరాక్స్. నూనె మరక కింద పేరు, ఊరు, పన్నెండు అంకెలూ చక్కగా కనిపిస్తున్నాయి. ఏ ఆఫీసులో ఎందుకు ఇచ్చాడో ఆ మనిషి, మూడు కాపీలు తెమ్మని ఉంటారు. వెబ్‌సైట్లను తిట్టడానికి మనం ముందుంటాం, మన ఆఫీసుల బీరువాల్లో కాగితాలు ఎక్కడికి పోతున్నాయో అడగం. నిజం చెప్పాలంటే నేను మాత్రం తక్కువా? మా బడి పాత జవాబు పత్రాలు కిలోల లెక్కన అమ్మించినవాణ్నే. నేను వేసిన సున్నా మార్కుల్లో ఊరంతా పల్లీలు తిన్నారు.

కుర్రాడు బైకు మీద వెనకే వచ్చాడు. కోర్టులో జూనియర్ లాయర్ అట. లెక్కల్లో వాణ్ని రెండుసార్లు బెంచీ ఎక్కించాను, అది వాడూ మర్చిపోలేదు, అయినా వచ్చాడు. "సార్, కొత్తది రాకముందు పాతవి ఉన్నయి" అన్నాడు. ఐటీ చట్టం కింద 2011లో వచ్చిన నియమాలట. ఆరోగ్యానికి సంబంధించిన వివరాలను అవి ప్రత్యేకంగా, సున్నితమైన సమాచారంగా చూస్తాయి. ఇచ్చిన సమ్మతిని రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు. కంపెనీ ఒక గ్రీవెన్స్ ఆఫీసర్ని, అంటే ఫిర్యాదులు చూసే అధికారిని, పెట్టి, పేరు వెబ్‌సైట్లో వేయాలి. ఆయన నెల లోపు ఫిర్యాదు తేల్చాలి. "రాసి పంపండి సార్, అరవకండి" అన్నాడు. రాయడం అంటే నాకు చెప్పాలా? డీఈవో ఆఫీసులో నా ఉత్తరాలు చూసి ఎవరి చేతిరాత అని అడిగేవారు.

ఆ గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు కోసం ప్రైవసీ పాలసీ కిందికి జరుపుతూ పోతే బొటనవేలు నొప్పి పుట్టింది. అట్టడుగున ఉంది. ఒకే పేజీ రాశాను. ఏ తారీఖున ఏ ఫారంలో ఏమిచ్చానో, సమ్మతి వెనక్కి తీసుకుంటున్నాననీ, నంబరుతో పాటు చెవి సంగతి కూడా చెరిపేయాలనీ, మీరు ఎవరెవరికి ఇచ్చారో వాళ్లకూ చెప్పాలనీ. చట్టం గురించి ఒక్క వాక్యం, 250 కోట్ల ఊసు లేదు. రిజిస్టర్డ్ పోస్టు చేద్దామని పోతే దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారని చెప్పారు, సరే అందులోనే పంపాను. అదే ఉత్తరం ఫొటో తీసి ఈమెయిల్ కూడా చేశాను. మీరు కూడా రెండూ చేయండి. ఒక్క ఈమెయిల్‌ను నమ్ముకోకండి, షోరూం మేనేజర్లను అసలు నమ్ముకోకండి. మాటలు వాళ్లు మర్చిపోతారు, రసీదు మర్చిపోదు.

పన్నెండో రోజు గుర్తింపు కాపీ కావాలన్నారు. అప్పుడు మాస్క్డ్ ఆధార్ పంపాను. ఆధార్ సైటులోనే వస్తుంది, మొదటి ఎనిమిది అంకెలు కనబడవు, చివరి నాలుగే ఉంటాయి. ఈ సంగతి ముందే తెలిసుంటే ఇన్నేళ్లలో ఎన్ని కాపీలు ఊరంతా పంచకపోయేవాణ్నో. ఇరవై ఏడో రోజు, అంటే నిన్న, ఆ ఒక్క ముక్క వచ్చింది. ఇవాళ పొద్దుటి నుంచి ఫోన్ మోగలేదు.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి మా అమ్మాయి మాట విని ఇవాళ సర్కారు దవాఖానకు వెళ్లాను. ఓపీ చీటీ రాసే అమ్మాయి మొబైల్ నంబరు అడిగింది. చేయి వెనక్కి లాక్కున్నాను, అలవాటైపోయింది. మా ఇంటి పాత ల్యాండ్‌లైన్ నంబరు చెప్పాను, 08682తో సహా. అది పీకేసి పదేళ్లు దాటింది. ఆ పిల్ల రాసుకుంటూ ఆగి, "ఇది మోగుతదా సార్?" అని అడిగింది.

"మోగినా నాకు వినబడదు బిడ్డా" అన్నాను.